పొలిమేర దాటిన బొంత

మల్లీశ్వరి సాంఘిక శాస్త్రంలో రెండుసార్లు తప్పింది. దూరవిద్యలో పదో తరగతికి ఐదు సబ్జెక్టులు. నాలుగు మొదటిసారే పాసైంది. సాంఘికంలో మాత్రం మొదట ఇరవై తొమ్మిది, తర్వాత ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై ఐదు రావాలి.

నారాయణఖేడ్ బస్టాండు వెనక బస్తీలో ఉన్న అంగన్‌వాడీలో ఆమె పన్నెండేళ్లుగా ఆయా. పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకురావడం, అన్నం వండటం, గుడ్లు ఉడకబెట్టడం, బరువు తూచేటప్పుడు పిల్లలు కదలకుండా పట్టుకోవడం ఆమె పని. టీచరు రాని రోజుల్లో పాటలూ కథలూ ఆమే చెబుతుంది. ఆ టీచరు జూన్‌లో రిటైరవుతోంది. ఆ పోస్టు ఆయాకు దక్కాలంటే పదో తరగతి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఏప్రిల్ పరీక్షే ఆఖరి అవకాశం. ఆ తర్వాత వయసు దాటిపోతుంది, వేరే ఎవరో వస్తారు, మల్లీశ్వరి రిటైరయ్యేదాకా గుడ్లు ఉడకబెడుతూనే ఉంటుంది.

ఆమె తప్పడానికి కారణం చదవకపోవడం కాదు. నేలల రకాలు రాయమంటే, వాళ్ల నాన్న చేనులో నల్లరేగడి వానకు ఎట్లా ఉబ్బుతుందో, ఎద్దు కాలు దిగబడితే ఎట్లా లాగాలో రెండు పేజీలు రాసింది. పట్టణాలకు వలసల కారణాలు అడిగితే, భర్త అంబదాస్ హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి ఏ ఆదివారం సాయంత్రం ఏ బస్సెక్కాడో రాసింది. ఆఖరి ప్రశ్నలకు ఎప్పుడూ టైం చాలలేదు.

ప్రభుత్వ హైస్కూల్లో ఆదివారం క్లాసులు చెప్పే గ్లోరీకి ఇరవై ఏడేళ్లు. తనకన్నా పెద్దవాళ్లకు పాఠం చెప్పడం ఆమెకు అలవాటే.

“అక్కా, పుస్తకంల పాయింట్లు ఎన్నుంటే గన్నే రాయి. నీ ఇంటి ముచ్చట్లు దిద్దేటాయనకు ఎందుకు?”

“గట్ల రాస్తేనే నాకు యాదికొస్తది, మేడం.”

“యాదికొస్తది. మార్కులు రావు.”

మల్లీశ్వరి ఇంట్లో చదివే పద్ధతి వేరు. ఆమె అత్త సంగమ్మ రోజూ సాయంత్రం ఒక మెస్‌కు నలభై జొన్నరొట్టెలు చేసి ఇస్తుంది. సంగమ్మకు డెబ్బై దాటాయి. చదువు రాదు. విన్నది మాత్రం మరిచిపోదు. ఆమె పొయ్యి ముందు పిండి తడుతుంటే, మల్లీశ్వరి గడపలో కూర్చుని పాఠం పైకి చదువుతుంది. మర్నాడు అదే టైంకు సంగమ్మ ప్రశ్నలు వేస్తుంది. రొట్టె పెనం మీద వేసి ఒక ప్రశ్న, తిప్పేలోగా జవాబు. జవాబు సరిగా లేకపోతే రొట్టె తిప్పుతూనే, “గట్ల లేదు పుస్తకంల. మళ్ల చెప్పు” అంటుంది. మిగతా నాలుగు సబ్జెక్టులూ ఇట్లాగే పాసైంది. ఒంటరిగా చదివితే మల్లీశ్వరికి అక్షరాలు కనిపిస్తాయి గాని తలకెక్కవు.

ఫిబ్రవరి చివర్లో అమెరికా ఖండం పాఠం మొదలైంది. ఆ ఖండానికి ఎవరెవరు ఎప్పుడు చేరారు, ఎట్లా స్థిరపడ్డారు, ఉన్నవాళ్లు ఏమయ్యారు. పది మార్కుల ప్రశ్న ఇందులోంచి రావచ్చని గ్లోరీ గుర్తు పెట్టింది.

మొదటి రోజు పదిహేను వేల ఏళ్ల కిందటి సంగతి. నీళ్లు మంచుగా గడ్డకట్టి, ఆసియా చివరన సముద్రం తగ్గి, నేల బయటపడితే, జంతువుల వెంట వేటకు పోయినవాళ్లు తెలియకుండానే కొత్త ఖండంలో అడుగుపెట్టారు.

“వాళ్లకు ఎరుకనా, కొత్త జాగకు వచ్చినమని?” సంగమ్మ అడిగింది.

“ఎట్ల ఎరుకైతది. జింక యాడికి పోతే గాడికి పోయిన్రు.”

“మన గొర్లోళ్ల లెక్క.”

“గంతే.”

రెండో రోజు ఉత్తరాన మంచు దేశాల నుంచి పడవల్లో వచ్చి, కొన్నాళ్లుండి వెళ్లిపోయినవాళ్లు. సంగమ్మకు వాళ్లు నచ్చారు. “మర్యాదస్తులు. వచ్చిన్రు, పోయిన్రు” అంది. మూడో రోజు కొలంబస్. మనదేశం వెతుక్కుంటూ బయల్దేరి అటు పోయాడని, కనబడినవాళ్లను ఇండియన్లే అనుకున్నాడని విన్నప్పుడు, సంగమ్మ రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

“మన తానికి రావాల్నని బయలెల్లినోడా?”

“మిరియాల కోసం.”

“గాయనకు గా నేల అడ్డం లేకుంటే మన మీదికే వచ్చేటోడు.”

“మన మీదికి ఎనుక వచ్చిన్రు గదా, అత్తమ్మా. వేరేటోళ్లు.”

“అవునే. మర్శిన.”

ఆ తర్వాత స్పెయిన్ వాళ్లు, పోర్చుగల్ వాళ్లు, ఇంగ్లండు వాళ్లు, ఫ్రెంచి వాళ్లు. ఎవరు ఏ తీరాన దిగారో, ఏ నది వెంట లోపలికి పోయారో మల్లీశ్వరి పటం మీద వేలుపెట్టి చూపించేది. సంగమ్మ ఒక కంటితో చూసేది. రెండో కన్ను చిన్నప్పుడే పోయింది. పుస్తకంలో లేని సంగతి ఒకటి గ్లోరీ క్లాసులో చెబితే, మల్లీశ్వరి ఇంటికొచ్చి అత్తకు చెప్పింది. స్పెయిన్ సిపాయిలు ఒడ్డున దిగగానే ఒక కాగితం తీసి తమ భాషలో చదివేవారట. ఈ నేల ఇప్పటినుంచి మా రాజుది, ఒప్పుకోకపోతే యుద్ధమే, చచ్చినవాళ్ల పాపం మీదేనని అందులో ఉండేదట. అక్కడివాళ్లకు ఆ భాష ఒక్క ముక్క రాదు. కొన్నిసార్లు ఎదురుగా మనిషే ఉండేవాడు కాదు.

“మరి ఎవలకు చదివిన్రు?”

“చెట్లకు.”

సంగమ్మ నవ్వలేదు. “చదివి?”

“చదివినమని ఇంకో కాయితం మీద రాసుకున్నరట.”

చివరికి గొలుసులేసి ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల పేరా వచ్చింది. అక్కడ సంగమ్మ పిండి కలపడం ఆపింది.

“అందరికీ ఒక్కతీరుగ వలస అని రాసిన్రేందే? ముందుగాల పోయినోళ్లు ఎవ్వలు లేని జాగకు పోయిన్రు. ఎనుక పోయినోళ్లు మంది ఉన్న జాగకు పోయిన్రు. వీళ్లనేమో కట్టేసి తెచ్చిన్రు.”

“పుస్తకంల గట్లనే ఉన్నది.”

“మన అంబదాస్ పట్నం పోతే?”

“గది గూడ వలసనే.”

“ఇగ మంచిగనే ఉన్నది” అంది సంగమ్మ. పాఠం ఆమెకు తనది అనిపించడం ఆ రోజే మొదలై ఉండాలి. మర్నాడు ముప్పై ప్రశ్నలు వేసింది. మల్లీశ్వరి ఇరవై ఆరింటికి జవాబు చెప్పింది. అంతకుముందు ఏ పాఠంలోనూ ఇన్ని చెప్పలేదు.

తర్వాతి పేజీ మూలవాసుల జనాభా తగ్గడానికి కారణాలు. నాలుగు పాయింట్లు. యుద్ధాలు. గనుల్లో, తోటల్లో వెట్టిచాకిరి. భూములు పోయి తిండి లేకపోవడం. బయటివాళ్లు తెచ్చిన మశూచి వంటి అంటువ్యాధులు. నూటయాభై ఏళ్లలో నూటికి తొంభైమంది దాకా పోయారని ఒక అంచనా ఉందని, అన్నిటికన్నా ఎక్కువమందిని చంపింది నాలుగోదేనని కింద చిన్న గడిలో ఉంది.

“మశూచి అంటే?” సంగమ్మ అడిగింది.

మల్లీశ్వరికి తెలియదు. రెండేళ్లుగా ఆ మాట బట్టీ పట్టి పరీక్షలో రాస్తోంది. అర్థం అవసరం పడలేదు. “ఏదో రోగం” అంది.

“నూటికి తొంభైమంది పోతే ఏదో రోగమా? ఐతారం అడుగు.”

ఆదివారం అడిగింది. గ్లోరీ ఆశ్చర్యంగా చూసింది.

“అమ్మవారు, అక్కా. పెద్దమ్మవారు. మీ అత్త ముఖం మీద మచ్చలున్నయి, కన్ను పోయిందంటవు గదా, గదే.”

మల్లీశ్వరి పెన్ను కింద పెట్టింది. క్లాసులో ఉన్నవాళ్లు పన్నెండుమంది. ఆమె తర్వాత అడిగిన మాటకు ఇద్దరు నవ్వారు గాని, ఆమె నవ్వించడానికి అడగలేదు.

“పోచమ్మ గాడికి పోయిందా?”

“రోగం పోయింది” అంది గ్లోరీ. ఆమె చర్చికి పోయే మనిషి, ఆ మాట దగ్గర కొంచెం తడబడింది. “ఓడల్లో వచ్చినోళ్లకు చిన్నప్పుడే వచ్చి తగ్గి ఉండె. ఒకసారి వచ్చి బతికితే మళ్ల రాదు. గాడ ఉన్నోళ్లకు ఎన్నడూ రాలే. తాతలకు రాలే, ముత్తాతలకు రాలే. ఒక్కసారి తగిలితే ఊరు ఊరంత పడుకున్నది. నీళ్లిచ్చే మనిషి లేడు. పక్క ఊరికి పారిపోయిన్రు, పక్క ఊరు పడిపోయింది. తెల్లోళ్లు కొన్ని ఊళ్లకు చేరేటాలకు ఇండ్లున్నయి, మనుషులు లేరు.”

ఆ సాయంత్రం మల్లీశ్వరి ఈ మాటలన్నీ అత్తకు చెప్పింది. సంగమ్మ పదమూడో రొట్టె పెనం మీద ఉంది. అది నల్లగా మాడింది. మిగతావి చేసింది, మూట కట్టింది, మెస్ మనిషి వస్తే ఇచ్చింది. ఒక రొట్టె తక్కువుందని అతను అంటే, “రేపు ఇస్తా” అంది. మల్లీశ్వరితో ఒక్కటే మాట అంది.

“నా అసుంటోళ్లే ఓడెక్కి పోయిన్రన్నట్టు.”

మర్నాడు ప్రశ్నలు లేవు. ఆ మర్నాడూ లేవు. మల్లీశ్వరి పుస్తకం పట్టుకుని గడపలో కూర్చుంటే, “తల నొస్తుంది” అంది. మూడో రోజు దవాఖానకు పోదామంటే, పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా మల్లీశ్వరి ఈ సంగతి వినలేదు.

సంగమ్మ పుట్టిల్లు నాగల్‌గిద్ద వైపు, వాగు ఒడ్డున. వాగుకు అవతల ఒడ్డున ఉన్న ఊరు మల్లీశ్వరి పుట్టిల్లు. తన పుట్టింటి ఎదురూరి పిల్లనే సంగమ్మ కోడలిగా తెచ్చుకుంది. ఆ రెండు ఊళ్ల పేర్లు ఇక్కడ అవసరం లేదు.

సంగమ్మకు ఏడేళ్లున్నప్పుడు ఊళ్లో అమ్మవారు పోసింది. మొదట వాళ్లింట్లోనే. అన్న పోయాడు, చిన్న చెల్లె పోయింది. సంగమ్మను వేపాకు పరిచిన బొంత మీద ఇరవై రోజులు పడుకోబెట్టారు. ఇంటికి ఎవరూ రాలేదు, ఇంట్లోంచి ఎవరూ పోలేదు, పొయ్యి మీద తాలింపు వేయలేదు. కన్ను పోయి, మనిషి బతికింది. ఊళ్లో పదకొండు మంది చనిపోయాక పెద్దలు అమ్మను సాగనంపాలన్నారు.

అది అప్పటి ఆచారం. కొత్త గంపలో పసుపన్నం, గాజులు, రవికెగుడ్డ, వేపరెమ్మలు పెడతారు. అమ్మ పోసి తగ్గినవాళ్ల పక్కబట్టలు మూట కడతారు. డప్పు ముందు నడుస్తుంది. పొలిమేర దాటించి, పక్క ఊరి నేల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. గంప, మూట మోసేవాళ్లు అమ్మ ఒకసారి ముట్టి విడిచినవాళ్లే అయ్యుండాలి. వాళ్లను మళ్లీ ముట్టదు.

“గా ఏడు అమ్మ విడిచినోళ్లు ముగ్గురమే. ఇద్దరు గంప పట్టిన్రు. నా నెత్తి మీద బొంత పెట్టిన్రు. నేను పండుకున్న బొంతనే. వాగుల నీళ్లు మోకాళ్ల దాక ఉండె. తడవనీయకు అన్నరు. తడవనియ్యలే.”

“ఏ దిక్కు పెట్టిన్రు?” మల్లీశ్వరి అడిగింది. అడిగాక, అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది.

“మీ ఊరి దిక్కు.”

మల్లీశ్వరి నాన్న మొగులప్పకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు ఒకే నెలలో పోయారు. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. పెద్దవాడి పేరు, నడిపివాడి పేరు, పాప పేరు నానమ్మ చివరిదాకా చెప్పేది. అమ్మవారు పోసి పోయారని తెలుసు. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. అమ్మవారు వస్తుంది, పోతుంది. ఎక్కడినుంచి అని అడిగే సంగతి కాదది.

మల్లీశ్వరి లేచి వాకిట్లోకి పోయింది. నల్లా దగ్గర బిందె పెట్టింది. బిందె నిండి పొర్లినా చూడలేదు. ఎదురింటి భాగ్య, “ఓ మల్లీశ్వరీ, నీళ్లు ఆగమైతున్నయి” అన్నాక నల్లా కట్టేసింది. లోపలికి వచ్చేసరికి సంగమ్మ అట్లాగే కూర్చుని ఉంది.

“బొంత తోటే వచ్చిందని ఎట్ల చెప్తవు అత్తమ్మా? సంతకు పోయినోళ్లతోని రావచ్చు. పెండ్లికి పోయినోళ్లతోని రావచ్చు.”

ఆ మాట నిజమే. ఆ ఏడాది ఆ జబ్బు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దేనితో పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

“సంతకు పోయినోళ్లు తెల్వక పోయిన్రు” అంది సంగమ్మ. తర్వాత, “పుస్తకంల చూడు. గా ఓడలోళ్లకు ఎరుకనా?” అంది.

పుస్తకంలో ఆ సంగతి లేదు. మల్లీశ్వరి గ్లోరీకి ఫోన్ చేసింది. గ్లోరీ ఒక గంట తర్వాత మళ్లీ చేసింది. ఎక్కువసార్లు వాళ్లకు తెలియదంది. రోగం ఎట్లా అంటుతుందో అప్పుడు వాళ్లకూ సరిగా తెలియదు. ఒకచోట మాత్రం తెలిసే ఇచ్చారు. రెండువందల అరవై ఏళ్ల కింద ఒక కోటను మూలవాసులు చుట్టుముట్టారు. మాటలకు వచ్చిన వాళ్ల పెద్దలకు, కోటలోని మశూచి దవాఖాన నుంచి తెచ్చి రెండు దుప్పట్లు, ఒక చేతిగుడ్డ ఇచ్చారు. ఇది పనిచేస్తుందనుకుంటానని కోటలో ఉన్న ఒక వ్యాపారి డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీ ఉంది. వాళ్లకు ఆ దుప్పట్లతోనే వచ్చిందా, అప్పటికే వచ్చి ఉందా అన్నది మాత్రం తేలలేదు.

మల్లీశ్వరి ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తకు ఊరట కలుగుతుందని అనుకుంది. వాళ్లు తెలిసి చేశారు, మీరు అమ్మవారి మీద భక్తితో చేశారని అనబోయింది.

“మావోళ్లకు గూడ ఎరుకనే” అంది సంగమ్మ.

“ఏమెరుక?”

“పక్కూరికి పోతదని. పోకుంటే ఎందుకు సాగనంపుతరే? మా ఊర్లకెల్లి పోవాల్నంటే ఇంకోకాడికి పోవాలె. గంత చిన్నపోరిని, నాకే ఎరుక. మీ ఊరి గుడిసెలు కండ్ల ముంగటనే ఉండె. పొగ లేస్తుండె. ఎవలో ఒకామె నీళ్లకు వస్తుండె. డప్పు ఇని బిందె ఆడనే పడేసి ఉరికింది.”

ఆ తర్వాత కూడా సంగమ్మ ప్రశ్నలు వేయలేదు.

పరీక్షకు పదిహేడు రోజులుంది. మల్లీశ్వరి ఒంటరిగా చదవడానికి ప్రయత్నించింది. పాఠం ఫోన్‌లో రికార్డు చేసి విన్నది. భాగ్యను ప్రశ్నలు అడగమంటే, ఆమె ప్రశ్నతోపాటు జవాబూ చదివేసేది. గ్లోరీ పెట్టిన నమూనా పరీక్షలో ఇరవై ఏడు వచ్చాయి. ఎప్పటికన్నా తక్కువ.

“ఏమైందక్కా? మొన్నటిదాక మంచిగ చెప్పినవ్.”

“అడిగే మనిషి అడుగుతలేదు, మేడం.”

ఇంటికొచ్చి అత్తకు ఆ పేపరు చూపించింది. సంగమ్మకు అంకెలు తెలుసు. ఇరవై ఏడు చూసింది.

“నీ పోస్టు నాతోని పోతదా?”

“పోతది.”

సంగమ్మ రొట్టెల పీట పక్కకు జరిపింది. “మీ నాయన తానికి తీస్కపో. గాయనకు చెప్పకుండ గా పాఠం నా నోట్లకు రాదు. ప్రశ్న అడుగుదామంటె బొంతనే అడ్డమొస్తుంది.”

“గిన్నేండ్లు చెప్పలే. ఇప్పుడేమొచ్చింది?”

“గిన్నేండ్లు ఎవలూ నన్ను అడగలే. ఇప్పుడు నీ పుస్తకం అడిగింది.”

మల్లీశ్వరికి భయమేసింది. నాన్న కోపిష్టి. తన తోబుట్టువులను చంపిన ఊరి మనిషి ఇంటికి పిల్లనిచ్చానని తెలిస్తే ఏం చేస్తాడో ఊహించలేకపోయింది. ఇక్కడ ఉండొద్దు, వచ్చేయమంటాడా? అంబదాస్‌కు ఏం చెప్పాలి? అయినా శనివారం అంగన్‌వాడీ మూసి, అత్తను తీసుకుని నాగల్‌గిద్ద ఆటో ఎక్కింది.

మొగులప్ప కల్లంలో కందికట్టెలు పేరుస్తున్నాడు. అరవై దాటినవాడు. వాళ్లను చూసి, “ఏం వదినె, చెప్పపెట్టకుండ?” అని మంచం వాల్చాడు. మంచినీళ్లు తెచ్చాడు. సంగమ్మ నీళ్లు ముట్టకుండా మొదటినుంచి చివరిదాకా చెప్పింది. అన్న పోవడం, చెల్లె పోవడం, గంప, మూట, వాగు, పొగ లేస్తున్న గుడిసెలు. మొగులప్ప మధ్యలో ఒక్కసారి లేచి, చేనులోకి వస్తున్న ఎద్దును అదిలించి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

ఆమె ఆపాక, “గిది చెప్పనీకి ఆటోకు వచ్చినవా?” అన్నాడు.

“అవును.”

“మాకెరుకే.”

మల్లీశ్వరి తండ్రి వంక చూసింది.

“మీ ఊరి డప్పు ఇన్నది మా అమ్మనే. బిందె పడేసి ఉరికొచ్చింది. ఏ ఊరోళ్లు పెట్టిన్రో అందరికీ ఎరుకనే. ఒక పోరి నెత్తిన బొంత ఉండెనని గూడ చెప్పేది మా అమ్మ. నువ్వని తెల్వదు.”

“ఎరుకుండే పిల్లనిచ్చినవా మా ఇంటికి?” సంగమ్మ అడిగింది.

“మీ ఊరి పిల్ల ఇంటికి ఇయ్యొద్దంటే ఎవలకియ్యాలె వదినె? గంప కట్టని ఊరు యాడుంది?” మొగులప్ప నాగల్‌గిద్ద వైపు కాకుండా, అటు, కర్ణాటక ఊళ్ల వైపు చెయ్యి చూపాడు. “ముప్పైమందిని పాతిపెట్టినంక మావోళ్లు గూడ కట్టిన్రు. గాడ పెట్టొచ్చిన్రు. మా అమ్మ తన పిల్లల బొంతలు తనే మూట కట్టిచ్చింది.”

“గాడ ఎంతమంది?”

“ఎవలడిగిన్రు?”

ఎండ నడినెత్తికొచ్చింది. మల్లీశ్వరి ఆ నానమ్మ చేతి అన్నం తిని పెరిగింది. పోయిన ముగ్గురు పిల్లల పేర్లు చెప్పి ఏడ్చిన నానమ్మ, ఆ పిల్లల బొంతలు మూట కట్టి ఇంకొకరి ఊరికి పంపిందని ఆమెకు నలభై దాటాక, ఒక పరీక్ష కారణంగా తెలిసింది. తండ్రికి తెలుసు. తల్లికి తెలిసే ఉంటుంది. ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ ఒక్క మాటా అనలేదు. దాచిపెట్టడానికి కూడా కాదు. చెప్పేంత సంగతని ఎవరికీ అనిపించలేదు.

సంగమ్మ అప్పుడు నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, “కోపం లేదా?” అని అడిగింది.

“నేను అప్పటికి పుట్టలే” అన్నాడు మొగులప్ప. “తిని పోదురు, ఉండున్రి.”

తిన్నారు. తిరుగు ఆటోలో సగం దూరం దాటాక సంగమ్మ మల్లీశ్వరి వైపు తిరిగింది. ఆటోలో ఇంకో నలుగురున్నారు.

“మంచు మీదికెల్లి నడిచొచ్చినోళ్లు ఎన్ని వేల ఏండ్ల కింద వచ్చిన్రు?”

“పదిహేను వేలు.”

“కొలంబస్ ఏ యేడు?”

“పద్నాలుగు వందల తొంభై రెండు.”

“ఎవలను చూద్దామని పోయి ఎవలను చూసిండు?”

పక్కన కూర్చున్నాయన మెడ తిప్పి ఇద్దరినీ వింతగా చూశాడు. నారాయణఖేడ్ చేరేలోగా ప్రశ్నలు పద్దెనిమిది అయ్యాయి. ఆ రోజునుంచి పరీక్ష దాకా ఒక్క సాయంత్రం కూడా ఆగలేదు. నదులు, రాజ్యాంగం, బడ్జెట్ అన్నీ అడిగింది. జనాభా ఎందుకు తగ్గిందన్న పేజీ మాత్రం అడగలేదు. ఆ పేజీ మల్లీశ్వరి తనే చూసుకుంది. చూసుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. పది మార్కులు.

నాలుగు పాయింట్లూ వరసగా రాసింది. యుద్ధాలు, వెట్టిచాకిరి, భూములు పోవడం, అంటువ్యాధులు. ఒక్కోదానికి రెండేసి వాక్యాలు, గ్లోరీ చెప్పినట్టే. అక్కడ ఆగాలి. చెయ్యి ఆగలేదు. “మా అత్తకు ఏడేళ్లప్పుడు” అని మొదలుపెట్టి ఒకటిన్నర పేజీ రాసింది. వేపాకు, బొంత, గంప, డప్పు. అట్లా వాగు ఒడ్డుదాకా వచ్చి, గదిలో ఉన్న మేడం ఇంకా పదిహేను నిమిషాలే ఉందని చెబితే తలెత్తింది. పటం ప్రశ్న ముట్టుకోలేదు. రెండు మార్కుల ప్రశ్నలు మూడు మిగిలి ఉన్నాయి. ముందు రెండుసార్లూ ఇదే జరిగింది. ముందు రెండుసార్లూ ఆమె తన సంగతి పూర్తిచేసే లేచింది.

ఈసారి వాక్యం మధ్యలో వదిలేసింది. కొట్టేయలేదు, చుక్క పెట్టలేదు. పటం తీసి, ఓడల దారి గీసింది. మిగిలిన మూడింటికీ ఒక్కో వాక్యం రాసింది. గంట కొట్టారు.

ఫలితాలు వచ్చిన రోజు గ్లోరీయే ఫోన్ చేసి చెప్పింది. ముప్పై ఆరు. ఆ ఒకటిన్నర పేజీకి దిద్దినాయన ఏమైనా వేశాడా, అడ్డగీత గీశాడా అన్నది ఎవరికీ తెలియదు. పటానికి వచ్చే మార్కులు రాకపోతే మాత్రం మల్లీశ్వరి మూడోసారి తప్పేది. ఆ లెక్క గ్లోరీ వేళ్ల మీద వేసి చెప్పింది. మల్లీశ్వరి దరఖాస్తు పెట్టింది. ఆగస్టులో ఆర్డరు వచ్చింది. ఇప్పుడు ఆ కేంద్రంలో టీచరు మల్లీశ్వరే. గుడ్లు ఉడకబెట్టడానికి ఇంకో ఆయా రాలేదు కాబట్టి, అవీ ఆమే ఉడకబెడుతోంది.

ఫలితం తెలిసిన సాయంత్రం సంగమ్మ అడిగింది.

“గా ప్రశ్న వచ్చిందా?”

“వచ్చింది.”

“నా సంగతి రాసినవా?”

“రాసిన. సగం.”

“సగమంటే యాడిదాక?”

“వాగు దాక. నీ నెత్తి మీద బొంత ఉన్నదాక. ఎనుక టైం లేకుండె.”

సంగమ్మ ఒంటి కంటితో కోడలిని కొంతసేపు చూసింది.

“గా దాకనైతే నేను గూడ ఏం తప్పు చెయ్యలేదే” అంది.